బడి తెఱచిన మొదటి పది దినములు

వేసవి సెలవులు ముగిసి బడి తెఱచు దినము ప్రతి యింటను చిన్న పండుగవంటిది. తల్లి పెందలకడ లేచి అన్నపుడబ్బా సిద్ధపఱచును. తండ్రి క్రొత్తచెప్పులు కాలికి సరిపోయినవో లేదో వంగి చూచును. పిల్లవాడు సంచి భుజమునకు తగిలించుకొని అద్దములో చూచుకొనును. వాడు గడప దాటిన పిమ్మట ఇంటిలో నొక నిశ్శబ్దము కమ్ముకొనును. రెండు నెలల తరువాత దొరకిన యా నిశ్శబ్దము ఎంత హాయిగా నుండునో తల్లులందఱు నెఱిగినదే. ఐతే, ఇంటిలో నణగిన యా సందడి యంతయు నెక్కడికి పోయినదని మన సోదరీమణు లెన్నడైన నాలోచించిరా? అది మా తరగతిగదికి వచ్చినది.

మేము హైదరాబాదునకు తూర్పువైపున, ఉప్పలు నాచారముల నడుమనున్న యొక ప్రాథమిక పాఠశాలలో నుపాధ్యాయినులము. ఒకప్పుడు ఉప్పలు వరంగల్లు రోడ్డుమీది యొక యూరు. 2007లో నగరపాలికలో చేరినది. 2017 నవంబరులో మెట్రోరైలు వచ్చినది. ఇప్పుడు ఊరేదో నగరమేదో పోల్చుకొనుట కష్టము. నాచారమున పారిశ్రామికవాడ యున్నది. మా పిల్లల తండ్రులలో పెక్కురు ఆ కార్ఖానాలలోను, ఆటోలమీదను, గేటుకాపలాలలోను పనిచేయువారు. తల్లులు కొందఱు మందులు, తినుబండారములు పెట్టెల కెత్తు పనులకు పోవుదురు. కొందఱు నాలుగైదిండ్లలో పాత్రలు తోముదురు. నల్లగొండ, పాలమూరు పల్లెలనుండి వచ్చిన కుటుంబము లున్నవి. ఒడిశా, బీహారులనుండి వచ్చినవియు నున్నవి.

తెలంగాణమున బడులు సాధారణముగా జూను 12వ తేదీన తెఱతురు. తెఱచుట వేఱు, పిల్లలు వచ్చుట వేఱు. పట్టికలో ముప్పదిరెండు పేర్లుండును. మొదటి దినమున గదిలో పదునలుగురు కూర్చుందురు. మిగిలినవారు మేనమామ ఇంటిలోనో, పెండ్లిలోనో, రైలు దొరకక స్వగ్రామముననో ఉందురు. వచ్చినవారికి పాఠము మొదలుపెట్టితిమా, రేపు వచ్చినవారు వెనుకబడుదురు. మొదలుపెట్టక కూర్చుంటిమా, వచ్చినవారు గదిని సంతచేయుదురు. ఇట్లు జూలై మొదటివారము దాక ప్రతిదినము నొకరిద్దఱు క్రొత్తవారు తలుపువద్ద నిలుతురు. ఒక్కొక్కరు వచ్చినప్పుడెల్ల ఎవరు ఎవరిప్రక్క కూర్చుండవలెనన్న తగవు మరల మొదటికి వచ్చును. వానలు పడిన దినమున సగముమంది తడిసి వత్తురు. 2018లో మొదలైన ఉప్పలు–నారపల్లి వంతెనపని ఏండ్లతరబడి సాగుటచే ఆ రోడ్డువెంబడి దుమ్మో బురదయో తప్పినది కాదు. ఆ వైపునుండి వచ్చు పిల్లలు ఆలస్యముగా వచ్చినప్పుడు వారిని కోపించుటకు మాకు నోరాడెడిది కాదు.

ఇక గదులసంగతి. చదువరులలో ననేకులు ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ఉపాధ్యాయిని యుండునని తలతురు. పెద్ద ప్రైవేటు పాఠశాలలలో నట్లే యుండును. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రాథమిక పాఠశాలలో ముప్పదిమంది పిల్లల కొక ఉపాధ్యాయు డుండవలెనని చెప్పుచున్నది. వినుటకు బాగుగనే యున్నది. కాని అరువదిమందివరకు పిల్లలున్న బడికి ఇద్దఱు చాలునని అదే చట్టము లెక్కకట్టినది. తరగతు లయిదు, ఉపాధ్యాయినులు ఇద్దఱు! ఒకరు రెండు తరగతులను, మఱియొకరు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టవలెను. మూడవతరగతికి తీసివేతలు చెప్పుచుండగా నాలుగవతరగతివారు గోడవైపు తిరిగి వ్రాసికొనుచుండవలెను. వారు వ్రాసికొందురా? ఒక పొయ్యిమీద అన్నము, ఒక పొయ్యిమీద పప్పు పెట్టి, చంకలో బిడ్డనెత్తుకొని, తలుపు తట్టినవారికి జవాబు చెప్పు గృహిణికి మా స్థితి వేఱుగ వర్ణింప నక్కఱలేదు.

తరగతిలో అల్లరి యన్నది మేము చాలకాలము క్రమశిక్షణకు సంబంధించిన విషయమని భావించితిమి. అల్లరిచేసిన వానిని లేపి నిలువబెట్టుట, ముందువరుసలోనికి మార్చుట, వానినే నాయకునిగా నియమించుట, ఇవి మా చిట్కాలు. చివరిది కొంతకాలము పనిచేసెడిది. మా తరగతిలో నొక బాలుడుండెను. ఇతరులు చదువుచుండగా పెన్సిలు క్రిందవేయును, ప్రక్కవాని చొక్కా లాగును, నీళ్లకు పోవుదునని లేచును. వానిని మేము పెక్కుమార్లు వాకిటిలో నిలువబెట్టితిమి. ఒకనాడు గమనించితిమి: వాని అల్లరియంతయు చదువవలసిన వంతు తన దగ్గఱకు వచ్చుచున్నప్పుడే మొదలగును. లెక్కల గంటలో వాడు శాంతుడు. అప్పుడు మాకు తెలిసినది, వానికి గుణింతము రాదని. వాకిటిలో నిలుచుట వానికి శిక్షకాదు, తప్పించుకొను దారి. ఆ దారిని మేమే చూపుచుంటిమి. ఈ తెలివితక్కువకు మేమిప్పటికిని సిగ్గుపడుదుము.

అల్లరిచేసినవాడు ఎట్లో మా కంట పడెను. అల్లరిచేయని పిల్ల సంగతి యింతకంటె కష్టము.

2020 మార్చి 16వ తేదీని మహమ్మారి కారణముగ రాష్ట్రమున బడులు మూసిరి. నాడు రెండవతరగతిలో నున్న యొక బాలిక మరల తరగతిగదిలో నడుగుపెట్టునప్పటికి నాలుగవతరగతికి వచ్చినది. పరీక్షలు లేకయే పిల్లల నందఱిని పైతరగతికి పంపిరి. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి మూడవతరగతి మొదలు పైవారికి దూరదర్శను యాదగిరి, టీశాట్ మార్గములలో పాఠములు ప్రసారముచేసిరి. ఆ యింట టెలివిజను చెడిపోయి యుండెను. చేతిఫోను తండ్రివెంట పనికి పోయెడిది. 2021 ఫిబ్రవరిలో పెద్దతరగతులు కొన్నాళ్లు నడచినను చిన్నతరగతుల తలుపులు తెఱవలేదు. 2021 సెప్టెంబరు 1వ తేదీన తెఱచునప్పటికి పదునేడు నెలలు దాటినది. మూడవతరగతి యనునది ఆ పిల్ల జీవితమున లేనేలేదు.

ఆమె దస్తూరి ముత్యాలకోవ. నల్లబల్లమీద వ్రాసినది చుక్క పోకుండ దింపుకొనెడిది. ముందుగ ముగించి చేతులు కట్టుకొని కూర్చుండెడిది. మేము ఆమె పుస్తకమును తక్కినవారికి మాదిరిగ చూపితిమి. రెండువారము లయిన పిమ్మట తల్లిదండ్రుల సమావేశమునకై ఒక చీటీ వ్రాసి ఇంటికి పంపుచు, "అమ్మకు చదివి వినిపింపుము, ఏదీ, మాకొకసారి చదువుము" అంటిమి. ఆ పిల్ల చీటీని చూచుచు నిలిచెను. కనులలో నీరు నిండెను. 'సమావేశము' అను మాటలో 'స' యొక్కటి పలికి ఆగిపోయెను. ఒత్తులు మాట యటుండ, దీర్ఘములుకూడ మఱచినది. ఆమె అక్షరములను చదువలేదు, బొమ్మలవలె దించినది. పదునాలుగు దినములు మేమా దింపుడును చదువని మెచ్చుకొంటిమి.

ఇది మా యొక్క బడి కథ కాదు. ప్రథమ్ సంస్థవారు పల్లెలలో ఇంటింటికి పోయి పిల్లలచేత చదివించి చూచు పద్ధతి 2005నుండి యున్నది. మూడవతరగతిలో నుండి రెండవతరగతి పాఠమును చదువగలిగిన పిల్లలు తెలంగాణ పల్లెలలో 2018లో నూటికి 18.1 మంది యుండగా, 2022లో 5.2 మందికి దిగిరి. ఆంధ్రప్రదేశమున 22.6 నుండి 10.3కు దిగిరి. 2018 నాటి లెక్కయు గర్వింపదగినది కాదని చదువరులు గమనింతురు గాక. మహమ్మారి తెచ్చిన నష్టము కొంత. అంతకుముందే మన బడులలో దాగియున్న నష్టము కొంత.

నాటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. బడి తెఱచిన మొదటి పది దినములు పాఠ్యపుస్తకము తెఱవరాదు. ఆ దినములలో ప్రతిపిల్లను ఒంటరిగా పిలిచి చదివించి చూడవలెను. ఈ 'ఒంటరిగా' అనుమాట ముఖ్యము. తరగతి ముందర నిలిపి చదువుమన్నచో రానిపిల్ల నవ్వులపాలగును. పిమ్మట సంవత్సరమంతయు దాచుకొనుటలోనే తన తెలివినంతయు వెచ్చించును. ఒకరము గదిలో నందఱిచేత పాటయో, చిక్కుప్రశ్నలో, కాగితపు పడవలో నడిపించుచుండగా, మఱియొకరము వరండాలో చాపవేసికొని ఒక్కొక్కరిని ప్రక్కన కూర్చుండబెట్టుకొందుము. మొదట అక్షరములు, పిమ్మట గుణింతపు మాటలు, పిమ్మట ఒత్తులున్న మాటలు, ఒక చిన్నవాక్యము, నాలుగు వరుసల కథ. ఎక్కడ ఆగినదో అక్కడ గీతగీసి, "చాలమ్మా, బాగున్నది" అని పంపుదుము. ఒక్కొక్కరికి అయిదారు నిమిషములు పట్టును. లెక్కలలోను అంతే.

పది దినముల పిమ్మట తరగతులు కలసిపోవును. మూడవతరగతి పిల్ల యొకతె అయిదవతరగతి బాలునితో కలసి గుణింతపు గుంపులో కూర్చుండును. రెండవతరగతి గడుగ్గాయి యొకడు కథలగుంపులోనికి దూరును. దినమున కొక గంట యిట్లు కూర్చుండి, తక్కిన గంటలలో ఎవరి తరగతికి వారు పోవుదురు. ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు. వయసునుబట్టి కాక, వచ్చినదానినిబట్టి గుంపులుచేసి బోధించుట ప్రథమ్ వారు ఏండ్లుగా చేయుచున్నదే. మన ప్రభుత్వమువారును 2022 ఆగస్టు 15న ఒకటి మొదలు అయిదు తరగతులవారికై 'తొలిమెట్టు' అను కార్యక్రమము నారంభించి, చదువుట, వ్రాయుట, లెక్కించుట ముందు సరిచేయుడని యుపాధ్యాయులతో చెప్పిరి. అల్లరి తగ్గినదా యని అడుగుదురు. తగ్గినది, పోలేదు. అయిదవతరగతి బాలుని గుణింతపు గుంపులో కూర్చుండబెట్టిన మొదటివారము వాడు బల్లక్రింద దూరి బయటికి రాలేదు. వానిని చిన్నవారికి పలకలు పంచు పెద్దగా చేసినపిమ్మటగాని దారికి రాలేదు.

గుజరాతులో భావనగరమున 1920లో బాలమందిరమును స్థాపించిన గిజుభాయి బధేకా వ్రాసిన 'దివాస్వప్నము' అను చిన్నగ్రంథము తెలుగులోనికిని వచ్చినది. అందులోని యుపాధ్యాయుడు ఎన్నో యూహలతో నాలుగవతరగతిలో ప్రవేశించి, మొదటి దినమున మౌనపు ఆట ఆడింపబోవును. పిల్లలు రకరకముల కూతలుకూసి వానిని పరిహాసము చేయుదురు. మఱునాడు కథ మొదలిడగానే తరగతి వానిదగును. మేమా భాగమును జూనునెల వచ్చినప్పుడెల్ల చదువుకొందుము. అంతటివానికే మొదటి దినమున ఓటమి తప్పలేదన్న ధైర్యముకొఱకు!

ఇక తల్లులు. మొదటి పది దినములు పుస్తకము తెఱవకపోవుటకు మాపై వచ్చిన మొదటి ఫిర్యాదు అధికారులనుండి కాదు, తల్లులనుండి. "వారమయింది, బుక్కులల్ల ఒక్క అక్షరం రాయలే. మా పక్కింటి పిల్లకు అప్పుడే రెండు పాఠాలయినయి" అని యొక తల్లి సాయంకాలము గేటువద్ద మమ్ము నిలదీసెను. ఆమె తప్పేమియు లేదు. ఆమె దినమంతయు నిలుచుండి పనిచేసి కూలి తెచ్చి బిడ్డను చదివించుచున్నది. నింపిన పుటలే ఆమెకు కనబడు చదువు. మేము వాదింపలేదు. ఆమె బిడ్డనే పిలిచి ఆమెముందర కూర్చుండబెట్టి, గడచిన సంవత్సరము పుస్తకములో వాడే చక్కగా వ్రాసిన పుటను చదువుమంటిమి. వాడు రెండుమాటలు చదివి తల్లిమొగము చూచెను. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "నాకు చదువొస్తే ఇంట్లనే చూస్తుంటి గద" అనెను. ఆమాట మా మనసులో గ్రుచ్చుకొన్నది. చదువురాని తల్లి బిడ్డచేత బిగ్గఱగా చదివించుకొని వినవచ్చును. తడబాటు చెవికి తెలియును, అక్షరజ్ఞాన మక్కఱలేదు. నాటినుండి ఈ మాటను ప్రతితల్లికి చెప్పుచున్నాము.

భాష యొక పెద్దచిక్కు. నాచారపు గదిలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా నాలుగును వినబడును. 2022–23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టి, ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండునట్లు పుస్తకములచ్చువేసిరి. తల్లులు సంతోషించిరి. ఇంటిలో ఒడియా మాటాడు పిల్లకు మాత్రము రెండుపుటలును పరాయివే. ఇట్టిచిక్కు ఈ నేలకు క్రొత్తది కాదు. నిజాము రాజ్యమున, మా బడికి దగ్గఱనే యున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో వెలసినది. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాలను తెలుగు మాధ్యమముతో పెట్టినప్పుడు, ఇక్కడ గుర్తింపు దొరకక పూనాలోని కార్వేపండితుని మహిళా విశ్వవిద్యాలయమును ఆశ్రయింపవలసివచ్చినది. తల్లిభాషలో చదువుటకై మన అవ్వలు పడిన శ్రమ యది. మేము చేయగలిగినది స్వల్పము: గోడమీద కూరగాయల బొమ్మ లంటించి, ప్రతిదానిక్రింద పిల్లలు చెప్పిన పేర్లన్నియు తెలుగులిపిలో వ్రాసితిమి. వంకాయక్రింద 'బైంగన్', 'బాయిగొణ' అని వ్రాయగానే, నెలదినములుగ నోరువిప్పని పిల్ల యొకతె లేచి అందఱిచేత 'బాయిగొణ' యని సరిగా పలికించినది. ఆ యొక్క దినము ఆమెయే పంతులమ్మ.

ఇంటివారికి మాదొక విన్నపము గలదు. పిల్ల మాట విననప్పుడు "ఉండు, మీ టీచరుతో చెప్పి కొట్టిస్తా" అను బెదరింపు మానవలెను. కొట్టుటను, మనసు నొప్పించుటను విద్యాహక్కు చట్టపు 17వ విభాగము నిషేధించినది, మేము కొట్టము. కాని ఇంటిలో ఆ మాట వినివచ్చిన పిల్ల వరండాలో మా చాపమీద కూర్చుండగానే చేతులు వెనుకకు దాచుకొనును. అటువంటిపిల్ల తనకేమి రాదో మాతో నెట్లు చెప్పును? ఆ భయమును పోగొట్టుటకే మూడుదినములు పట్టును. పదింటిలో మూడు అట్లు పోయెను. ఇంటిపని విషయమునను అంతే. తల్లియో అక్కయో వ్రాసి పంపిన పుట మాకు చదువురాని వైద్యునికి చూపిన తప్పు చీటీవంటిది. తప్పులతో నున్న పుటయే మాకు కావలెను. 2024లో ప్రభుత్వమువారు మహిళాసంఘములవారితో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీల నేర్పఱచి, బడి మరమ్మతుల బాధ్యత అప్పగించిరి. బట్టలు కుట్టు పనియు మహిళాసంఘములకే వచ్చినది. కుళాయి, మరుగుదొడ్డి బాగుపడుట ఆడపిల్లలకెంత మేలో వేఱుగ చెప్పనేల? ఆ కమిటీలకు వచ్చు తల్లులు గోడలతోపాటు ఒక్కపూట వరండాలో కూర్చుండి పిల్లలు చదువుట విన్నచో మాకు మఱింత సంతోషము.

ముత్యాలకోవ దస్తూరి పిల్ల యేమైనదని చదువరు లడుగుదురు. చీటీ చదువలేకపోయిన మఱునాటినుండి ఆమె బడికి రాలేదు. నాలుగుదినములు చూచి మేము ఇంటికి పోయితిమి. తల్లి పెట్టెలు కట్టు పనికి పోయినది. పిల్ల మూడేండ్ల చెల్లెలిని ఒడిలో పెట్టుకొని గడపమీద కూర్చుండెను. మమ్ము చూచి లోనికి పరుగెత్తెను. సాయంకాలము తల్లి వచ్చుదాక వాకిటనే కూర్చుంటిమి. "చెల్లెను చూసుకునెటోళ్లు లేరమ్మా" అని తల్లి చెప్పినది, అది నిజమే. పిల్లకు వేఱొక కారణము గలదని ఆమె కెఱుకలేదు, మేమును చెప్పలేదు. ఆ వీథిచివరనే అంగన్‌వాడీ కేంద్రమున్నది. మూడేండ్లు నిండినవారిని చేర్చుకొందురు, మధ్యాహ్నము అన్నము, గ్రుడ్డు పెట్టుదురు. చిన్నదానిని అక్కడ చేర్పించుటకు రెండుదినములు పట్టినది. పెద్దదానితో మాత్రము ఒక్కమాట చెప్పితిమి, "నిన్ను అందఱిముందర చదువుమని అడుగము, నీవే అడిగినప్పుడు వినెదము" అని. ఆమె మరల వచ్చినది. దీర్ఘములకు నెల, ఒత్తులకు మూడు నెలలు పట్టినది. 2022 జనవరిలో బడులు మరల మూసినప్పుడు మా గుండె ఝల్లుమన్నది. ఫిబ్రవరి 1న తెఱవగానే మొదటివరుసలో కూర్చుండియున్నది. ఉగాదినాటికి ఒక కథ చదివెదనని తానే లేచినది.

ఆ పిల్ల అయిదవతరగతి ముగించి ఉన్నత పాఠశాలకు పోయినది. 2024 జూనులో బడి తెఱచినదినమున, వానలో గొడుగుపట్టుకొని చెల్లెలిని చేయిపట్టి మా గదికి తీసికొనివచ్చెను. చిన్నదాని పేరు ఒకటవతరగతి పట్టికలో వ్రాయించి, తన బడికి వేళయగుచున్నను పోక, మా చెవిదగ్గఱకు వంగి,

"టీచర్, మా చెల్లెకు ఇంకా అక్షరాలు సక్కగ రావు. అందరి ముందట అడగకుండ్రి" అని చెప్పినది.

మేము చాప తెప్పించి వరండాలో వేయించితిమి.